షుగర్ ఉండి పిల్లల్ని ప్లాన్ చేసుకునేవాళ్లకు: హన్మకొండలో ఒక క్లినిక్ ప్యాకేజీ మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకు నాలుగు. ఆ ఒక్కటి ఎక్కడ కోశానో కింద రాశాను. మెచ్చుకోవడమూ ఉంది, తిట్టడమూ ఉంది కాబట్టి పేరు పెట్టట్లేదు, హన్మకొండలో ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో ఉండే షుగర్ క్లినిక్ అనుకోండి చాలు. వాళ్ల మామూలు ఓపీ సంగతి వేరు, నేను రాస్తున్నది షుగర్ ఉన్న ఆడవాళ్లు పిల్లల కోసం అనుకునే ముందు చేయించుకునే ప్యాకేజీ గురించి. 5,500 రూపాయలు. అందులో డాక్టర్ కన్సల్టేషన్, రక్త పరీక్షలు, యూరిన్ పరీక్ష, కంటి ఫోటో, డైటీషియన్, ఇన్సులిన్ నేర్పించే అమ్మాయి, ఆ తర్వాత మూడు నెలల పాటు ఫీజు లేకుండా ఫాలోఅప్.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇది మీకు పనికొస్తుందో లేదో తెలియదు. వయసు 31, టైప్ 2 షుగర్, పెళ్లికి ముందే బయటపడింది, పీసీఓడీ (అండాశయాల సమస్య) అంతకన్నా ముందు నుంచే ఉంది. పరకాల వైపు ఒక స్కూల్లో టీచర్‌ని, రోజూ బస్సులో పోయి రావడం. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, మామయ్య. పెళ్లయిన కొత్తలో "ఏమన్నా విశేషమా" అని అడిగిన చుట్టాలు ఇప్పుడు "ఇంకా ఏం లేదా" దాకా వచ్చారు, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు.

వరంగల్‌లో షుగర్ చూసే డాక్టర్లకు కొదవేం లేదు. అంతకుముందు నేను చూపించుకున్న చోట ప్రతిసారీ షుగర్ ఎంత, బీపీ ఎంత, గోలీ పెంచాలా వద్దా, రెండు నిమిషాల్లో బయట. నాకు పెళ్లయిందని తెలుసు, వయసు చీటీ మీదే ఉంటుంది, అయినా పిల్లల సంగతి ఒక్క తాప కూడా ఎత్తలేదు. చీటీలో మాత్రం బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వరసగా ఉండేవి. వీటిలో మెట్‌ఫార్మిన్ ఒక్కదాన్ని పక్కన పెడితే మిగతావన్నీ గర్భం అనుకునేటప్పటికే ఆపాల్సినవో మార్చుకోవాల్సినవో అని నాకు ఈ క్లినిక్‌కు వచ్చాకే తెలిసింది. మెట్‌ఫార్మిన్ మాత్రం డాక్టర్ చూసి కొనసాగించొచ్చు. ఇది చదివి ఎవరూ రాత్రికి రాత్రి గోలీలు ఆపేయకండి, బీపీ గోలీ ఉన్నపళంగా మానేసి, దాని బదులు ఇంకోటి వేసుకోకుండా ఉండటం ఇంకా ప్రమాదం.

ఇక్కడ మేడం నా రిపోర్టులు తెరవకముందే "పిల్లలు ఎప్పటికి అనుకుంటున్నరమ్మా?" అని అడిగారు. మా ఆయన అందుకొని "దేవుడి దయ ఎప్పుడుంటే అప్పుడు మేడం" అన్నాడు. ఆమె నవ్వి, "దేవుణ్ణి ఒక మూడు నాలుగు నెలలు ఆగమనండి, ఈలోపు మనకు పనుంది" అన్నారు. నేను ఇచ్చిన నాలుగు మార్కుల్లో రెండు ఆ మాటకే.

తర్వాత చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశారు. ఇక్కడ నెలసరి, ఇక్కడ గర్భం నిలుస్తుంది, ఇక్కడ నెల తప్పిందని మీకు అనుమానం వస్తుంది, ఇక్కడ మెడికల్ షాపులో కిట్ కొంటారు, ఇంట్లో చెప్పి, మంచి రోజు చూసుకొని డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఇక్కడికి వస్తారు అని ఎనిమిదో వారం దగ్గర సున్నా చుట్టారు. మళ్లీ పెన్ను వెనక్కి తెచ్చి, బిడ్డకు మెదడూ వెన్నుపామూ తయారయ్యే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది, గుండె మొదటి రెండు నెలల్లోనే ఆకారానికి వస్తుంది అని ఆ సున్నాకు ఎడమ పక్కన గుర్తులు పెట్టారు. అంటే అసలు పని చాలా మటుకు మనం దవాఖాన మెట్లు ఎక్కకముందే అయిపోతుంది. ఆ వారాల్లో తల్లి షుగర్ ఎక్కువగా ఉంటే బిడ్డకు గుండెలో, వెన్నులో లోపాలు రావడానికి, గర్భం నిలవకపోవడానికి అవకాశం పెరుగుతుంది, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) తగ్గేకొద్దీ ఆ అవకాశమూ తగ్గుతుంది. నెల తప్పాక పరుగెత్తుకెళ్లి షుగర్ కంట్రోల్ చేసుకుంటాం అనుకునేవాళ్లకు ఆ గీత ఒక్కసారి చూపిస్తే చాలు, నేనైతే ఆ కాగితం ఫోటో తీసి మా స్టాఫ్‌రూంలో ఇద్దరికి పంపాను.

పరీక్షలు. నా హెచ్‌బీఏ1సీ 8.7 వచ్చింది. మేడం లెక్క ప్రకారం 6.5 లోపుకు తేవాలి, అదీ మాటిమాటికీ లో షుగర్ అయిపోకుండా. 10 దాటినవాళ్లనైతే తగ్గేదాకా గర్భం అసలు వద్దని గట్టిగా చెప్తారట. 6.5కు చేరేదాకా జాగ్రత్త తీసుకోవాలి అన్నారు, అంటే ఏం వాడాలో గైనకాలజిస్టును అడగండి అని ఒక చీటీ కూడా ఇచ్చారు. పిల్లలు కావాలని వచ్చినవాళ్లకు పిల్లలు రాకుండా చీటీ ఏంటని బయట కూర్చున్న ఒకామె నవ్వింది గానీ, ఆలోచిస్తే ఈ మొత్తం ప్యాకేజీకి అదే పునాది.

ఇంకో చిన్న సంగతి, చాలా చోట్ల పట్టించుకోరు. హెచ్‌బీఏ1సీతో పాటే సీబీపీ, అంటే రక్తం ఎంతుందో చూసే పరీక్ష కూడా చేశారు, నాకు హిమోగ్లోబిన్ 9.8, ఐరన్ తక్కువ. ఐరన్ లేక రక్తం తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చట, అందుకే ఆ ఒక్క నంబరు పట్టుకొని మందులు పెంచకుండా ఇంట్లో వేలికి పొడిచి చూసిన రీడింగులన్నీ ఒక నోట్‌బుక్కులో రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. మన వైపు ఆడవాళ్లలో రక్తం తక్కువ లేనివాళ్లు ఎంతమంది చెప్పండి.

యూరిన్‌లో ఆల్బుమిన్, క్రియాటినిన్ కిడ్నీ కోసం, థైరాయిడ్ ఎలాగూ ఉంటుంది. కంటి ఫోటో మాత్రం నాకు అనవసరమనిపించింది, చూపు బాగానే ఉంది కదా అని. తీరా చూస్తే రెటీనా మీద మొదటి దశ మచ్చలు కొన్ని ఉన్నాయి. లేజర్ ఏమీ అక్కర్లేదు గానీ, గర్భంలోనూ, షుగర్ ఉన్నట్టుండి బాగా తగ్గినప్పుడూ అవి పెరిగే అవకాశం ఉంది కాబట్టి గర్భం వచ్చిన మొదటి నెలల్లోనే మళ్లీ చూపించుకోవాలన్నారు. కన్ను మసకబారితేనే కంటి డాక్టర్ అనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

మందులు మారాయి. బీపీకి టెల్మిసార్టాన్ తీసేసి లాబెటలాల్, కొలెస్ట్రాల్ గోలీ బంద్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ బంద్, మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచి ఇన్సులిన్. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములది రోజుకొకటి, గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా. షుగర్ లేనివాళ్లకు ఇచ్చే మోతాదు ఇంతకంటే చాలా తక్కువ, 400 మైక్రోగ్రాములు, కాబట్టి షాపువాడు ఇచ్చిన ఏదో ఒక విటమిన్ గోలీతో సరిపెట్టుకోకండి, షీటు మీద అంకె చూసుకోండి. మొత్తం చీటీలో అతి చవక మందు అదే.

ఇన్సులిన్ అనగానే నా ముఖం చూసి మేడం ఇంకేం మాట్లాడకుండా పక్క గదికి పంపారు. అక్కడ ఒక అమ్మాయి ఉంటుంది, నర్సంపేట వైపు నుంచి వస్తుంది, ఎడ్యుకేటర్ అంటారు. క్లినిక్ మొత్తంలో బంగారం ఆ పిల్ల. టేబుల్ మీద రెండు సిరంజిలు పెట్టింది, ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నారింజ రంగు మూత. "అక్కా, మీకిచ్చే సీసా మీద ఏం రాసుందో చదవండి" అంది. 40 ఐయూ అని ఉంది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. "దీనికి ఎర్ర మూతదే. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. షాపులో ఏది చేతికొస్తే అది ఇస్తరు, దాంట్లో మీరు 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 4 యూనిట్లే, షుగర్ తగ్గుతలేదని మీరు మందు మీద పడతరు" అంది. ఉల్టా అయితే ఇంకా ఘోరం, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది, మనిషి పడిపోవడమే. ఇన్నేళ్లుగా షుగర్ ఉన్న మా మేనమామ సిరంజిల డబ్బా తెరిచి చూస్తే రెండు రంగుల మూతలూ కలిసి ఉన్నాయి, ఆ ఆదివారమే వేరు చేయించాను.

పొట్ట మీద బొడ్డుకు రెండు వేళ్లు పక్కన, రోజూ చోటు మార్చుకుంటూ, సూది గుచ్చాక పది అంకెలు లెక్కపెట్టి తీయడం, ఇవన్నీ నాతోనే చేయించింది. ఒక కర్టెన్ వెనక. ఆ కర్టెన్ పొట్టిది, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు మన కాళ్లు కనిపిస్తుంటాయి, పొట్ట చూపిస్తూ కూర్చోవాలంటే ఎవరికైనా ఇబ్బందే. అంత ఫీజు తీసుకొని ఒక తలుపున్న గది ఇవ్వలేరా? ఇక్కడ పావు మార్కు కోత.

రెండోసారి అత్తమ్మ కూడా వచ్చింది. రాక తప్పలేదు, ఇంట్లో ఫ్రిజ్‌లో పాల గిన్నె పక్కన ఇన్సులిన్ సీసా చూసినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. "ఏందమ్మా, కడుపు రాకముందే సూదులు పొడుస్తున్నరు, రేపు పుట్టే పిల్లకు గుడ ఇదే అలవాటైతదా?" అని నేరుగా ఆ పిల్లనే అడిగేసింది. ఆమె ఏమాత్రం విసుక్కోలేదు. "అట్లేం గాదమ్మా, ఈ సూది మందు మాయ దాటి బిడ్డ దగ్గరికి పోదు, తల్లి ఒంట్లున్న షుగరే పోతది. అది పోకుండ చూస్తానికే ఈ సూది" అంది. అత్తమ్మ కాసేపు ఆలోచించి "మరి ముందుగాల్నే చెప్పాలె గదా" అని నా వైపు తిరిగింది. ఇంటికొచ్చాక మామయ్యకు ఆమే చెప్పింది, ఆ మాయ సంగతి, డాక్టర్ చదివినంత ధీమాగా. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురండి అని క్లినిక్ వాళ్లే అడగడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే షుగర్ ఉన్న కోడలికి వంట ఎవరు చేస్తారో, ఒక్కపొద్దులు ఎవరు పెట్టిస్తారో వాళ్లకు తెలుసు.

ఒక్కపొద్దు అంటే గుర్తొచ్చింది, శుక్రవారం, శనివారం ఉంటారా అని ముందే అడిగారు. ఇన్సులిన్ వేసుకొని, లేదా గ్లిమెపిరైడ్ లాంటి గోలీ వేసుకొని తినకుండా ఉంటే లో షుగర్ అయ్యే అవకాశం ఎక్కువ. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే ఓ మూడు టీస్పూన్ల పొడి నీళ్లలో కలుపుకొని తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి. చాక్లెట్ పనికిరాదట, అందులోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఇది మా ఆయనకు కూడా నేర్పించి, ఎదురుగా చెప్పించుకున్నారు. గర్భం వచ్చిన మొదటి మూడు నాలుగు నెలల్లో ఇన్సులిన్ వాడేవాళ్లకు లో షుగర్లు ఎక్కువ, అందులో వాంతులు కూడా తోడైతే ఇంకా ఎక్కువ, ఆ తర్వాత నెలలు నిండేకొద్దీ ఇన్సులిన్ అవసరం రెట్టింపు దాకా కూడా పోవచ్చు, అప్పుడు షుగర్ ముదిరిందని భయపడొద్దు అని కూడా ముందే చెప్పారు. నా బ్యాగులో ఇప్పుడు చాక్‌పీసుల డబ్బా పక్కన గ్లూకోజ్ పొట్లం ఉంటుంది, పరకాల బస్సులో సీటు దొరకని రోజుల్లో అదే ధైర్యం.

ఎండాకాలం సంగతి మాత్రం నేనే అడగాల్సి వచ్చింది. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పారేయాల్సిందే. వాడుతున్న సీసా బయట నాలుగు వారాల దాకా ఉంటుంది గానీ అది చల్లటి గదిలో. మే నెలలో వరంగల్‌లో 44 డిగ్రీలు కొడుతుంటే, స్కూల్లో ఫ్రిజ్ ఎక్కడిది? ఎడ్యుకేటర్ చెప్పిన ఉపాయం, పెద్ద మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, దాంట్లో సీసా పెట్టి తడిగుడ్డ కప్పడం. స్టాఫ్‌రూంలో ఆ పని చేశాం, ఇప్పుడు మా సైన్స్ సార్ దాన్ని ఏడో తరగతికి పాఠంగా చూపిస్తున్నాడు.

తిండి. ఇక్కడ ముందు కోపమొచ్చి తర్వాత తగ్గింది. డైటీషియన్ మొదట చేతిలో పెట్టిన ప్రింటు కాగితంలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, బ్రకోలీ, ఆలివ్ నూనె. ఎవరింట్లో ఉంటాయి ఇవి? నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటుంటే ఆమే గమనించి "ఇది పక్కన పెట్టండి, నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నరో చెప్పండి" అంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం బాక్సులో అన్నం పప్పు, సాయంత్రం బస్సు దిగాక మిర్చి బజ్జీ, రాత్రి జొన్న రొట్టెలు. జొన్న రొట్టె అనేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం ఉండే ఉంటుంది. ఎన్ని అని అడిగింది. మూడు. రెండు మామూలు జొన్న రొట్టెల్లో ఉండే పిండి పదార్థం దాదాపు ఒక కప్పు అన్నంలో ఉన్నంతే, కాకపోతే పీచు ఉంటుంది కాబట్టి కాస్త మెల్లగా ఎక్కుతుంది, అంతేగాని జొన్న కదా అని లెక్క లేకుండా తింటే షుగర్ ఊరుకోదు అంది. మక్క గట్క కూడా అంతే. సర్వపిండి మానక్కర్లేదు, పలచగా ఒత్తి ఒకటి తినండి, పక్కన పెరుగో, ఉడికించిన పెసళ్లో, గుడ్డో ఉండాలి అంది. అన్నం మానమని అనలేదు, మా ఇంట్లో ఉన్న స్టీల్ గిన్నె ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకొని "ఈ గిన్నెలో సగం, ముందు కూర తిని తర్వాత అన్నం" అని గీత పెట్టి పంపింది.

ఇంకా మంచి పని ఏంటంటే, నమ్మడం కాదు చూసుకోండి అని తినకముందు ఒకసారి, తిన్నాక గంటకు ఒకసారి వేలికి పొడిచి రాయమంది. గర్భంలో ఉండాల్సిన అంకెలు పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. మామూలు షుగర్ వాళ్ల లెక్కలకు అలవాటు పడినవాళ్లకు ఇవి చాలా గట్టిగా అనిపిస్తాయి, అందుకే ముందు నుంచే వాటి దగ్గరగా బతకడం అలవాటు చేసుకోమంటారు. నాకు సాయంత్రం బజ్జీల కన్నా పొద్దున ఉప్మాయే ఎక్కువ పెంచుతోందని నోట్‌బుక్కు చూశాకే తెలిసింది. బతుకమ్మకు సత్తుపిండి, మలీద ముద్దలు ఎలాగ అని అడిగితే, రుచికి చెంచాడు, అదీ అన్నం తగ్గించుకొని అంది. బెల్లమైతే ఏం కాదు కదా అని పక్కనున్నామె. చక్కెరైనా బెల్లమైనా రక్తంలోకి వెళ్లాక ఒకటే, మేడారంలో బంగారం అని మొక్కేదైనా సరే.

ఇప్పుడు తిట్లు. చేతికి అంటించుకునే సెన్సర్ ఒకటి ఉంటుంది, 14 రోజులు జబ్బ వెనక ఉండి ఫోన్‌లో షుగర్ గ్రాఫ్ చూపిస్తుంది. వస్తువు మంచిదే, రాత్రిళ్లు నిద్రలో ఏం జరుగుతోందో అది తప్ప ఇంకేదీ చెప్పదు. కానీ కౌంటర్ దగ్గర కుర్రాడు "ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసేవాళ్లందరూ పెట్టించుకుంటున్నరు మేడం" అని దాదాపు 5,000 రూపాయల బిల్లు కొట్టబోయాడు. డాక్టర్ చీటీలో అది లేదు. అడిగితే, మీకిప్పుడు వేలి రీడింగులు చాలు, టైప్ 1 వాళ్లకు, మాటిమాటికీ లో షుగర్ అయ్యేవాళ్లకు ఎక్కువ ఉపయోగం అని మేడమే చెప్పారు. తర్వాత ఒకసారి నా ఇష్టంతోనే పెట్టించుకున్నా. ఒక రాత్రి 58 అని అలారం మోగింది, లేచి వేలికి చూస్తే 97. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అలా తక్కువ చూపిస్తుందని, పైగా అది చూసేది రక్తాన్ని కాదు చర్మం కింది ద్రవాన్ని కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుందని అమ్మేటప్పుడు ఆ కుర్రాడు చెప్పలేదు. అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ గ్లూకోజ్ గ్లాసు పట్టుకొని నిలబడ్డాం.

వెయిటింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫోన్‌లో సాయంత్రం ఆరున్నర అని టైం ఇస్తారు, లోపలికి పిలిచేది ఎనిమిది దాటాక. టోకెన్ నంబర్లు ఉన్నాయి గానీ మెడికల్ రెప్‌లు మధ్యమధ్యలో దూరుతుంటారు. ఇన్సులిన్ వేసుకునే మనుషుల్ని భోజనం వేళకు రెండు గంటలు కూర్చోబెట్టే షుగర్ క్లినిక్‌ను ఏమనాలి? లిఫ్ట్ కరెంటు ఉంటేనే. వాట్సాప్ నంబర్‌కు ఆదివారం మెసేజ్ పెడితే సోమవారం మధ్యాహ్నం జవాబు, ఇన్సులిన్ డోసు అడిగినప్పుడు అది పనికిరాదు. కింద వాళ్ల షాపులోనే దొరికే కంపెనీ లాబెటలాల్ రాశారు, వేరే కంపెనీది ఇవ్వమని అడిగితే మార్చి రాశారు అనుకోండి, కానీ అడగాలి.

అసలు పెద్ద లోటు, గైనకాలజిస్ట్ అక్కడ లేరు. షుగర్ వాళ్లు ఒకచోట, గైనిక్ ఒకచోట, మధ్యలో ఫైలు మోసేది మనం. మా గైనిక్ మేడం లాబెటలాల్ చూసి ఒప్పుకున్నారు గానీ ఫోలిక్ యాసిడ్ ఇంకోటి రాశారు, ఏది వేసుకోవాలో నేనే ఫోన్ చేసి ఇద్దర్నీ కలపాల్సి వచ్చింది. డెలివరీ ఎక్కడ అనేది కూడా ఇప్పుడే అనుకోండి అని ఇద్దరూ చెప్పారు. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లో షుగర్ పడిపోయే అవకాశం ఉంది, అందుకని పసిపిల్లల డాక్టరు, ఐసీయూ ఉన్న చోటే మేలు, ఇంటికి దగ్గరగా ఉంది కదా అని చిన్న నర్సింగ్ హోం చూసుకుంటే కుదరదు. అయిదో నెల స్కాన్‌తో పాటు బిడ్డ గుండె స్కాన్ కూడా ఉంటుందట, బీపీ పెరగకుండా మూడో నెల నిండగానే తక్కువ డోసు ఆస్పిరిన్ కూడా రాస్తారట, అవి అప్పటి ముచ్చట.

డబ్బు లెక్క. ప్యాకేజీ 5,500, తర్వాత నెలకు ఇన్సులిన్, వేలికి పొడిచి షుగర్ చూసే స్ట్రిప్పులు, గోలీలు కలిపి రెండు రెండున్నర వేలు, అందులో ఎక్కువ స్ట్రిప్పులకే. మూడు నెలల తర్వాత మళ్లీ చేసే హెచ్‌బీఏ1సీ ప్యాకేజీలో లేదు, అది ముందే చెప్పాల్సింది. ఆ పరీక్ష బయట ల్యాబ్‌లో చేయించుకుంటే వాళ్ల రేటు కన్నా తక్కువ పడింది, రిపోర్టు తీసుకెళ్తే ఏమీ అనలేదు. అంత పెట్టలేనివాళ్లు వెనక్కి తగ్గక్కర్లేదు, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖానలో చూపించుకోవచ్చు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ప్రభుత్వ దవాఖానల్లో రక్త పరీక్షలు ఉచితమే, ఇన్సులిన్ కూడా అక్కడ అడగండి. కాకపోతే ఆ రద్దీలో మీ అంతట మీరే "మేం పిల్లల కోసం అనుకుంటున్నాం, ఈ గోలీల్లో ఏవి మార్చాలి, కన్ను, కిడ్నీ చూపించుకోవాలా, ఫోలిక్ యాసిడ్ ఎంత" అని నోరు తెరిచి అడగాలి. కాగితం మీద రాసుకొని వెళ్లండి.

నాకు పనిచేసిందా అంటే, 8.7 ఉన్నది 6.4కు వచ్చింది, రక్తం 11.6, బీపీ అదుపులో ఉంది, ఇక మీ ఇష్టం అన్నారు మేడం. ఇక విశేషం అంటారా, అది ఇంటర్నెట్‌లో చెప్పే ముచ్చట కాదు.

ఎవరు వెళ్లొచ్చంటే, షుగర్ ఉండి ఏడాది లోపు పిల్లలు అనుకుంటున్నవాళ్లు ఎవరైనా, టైప్ 1 అయినా టైప్ 2 అయినా. గర్భంలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకు ఈ ప్యాకేజీ పనికిరాదు, వాళ్లు నేరుగా మామూలు ఓపీలో చూపించుకోండి. ఆల్రెడీ నెల తప్పినవాళ్లు ప్యాకేజీ, వెయిటింగ్ అని చూడకుండా ఆ రోజే డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న గోలీల షీట్లు ఖాళీవైనా సరే అన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి, పేర్లు చెప్తే కుదరదు, షీట్లు చూస్తారు. పొద్దున ఏడింటికి పరగడుపున రక్తం ఇచ్చేసి, డాక్టర్ టోకెన్ బుధవారమో గురువారమో తీసుకోండి, సోమవారం మాత్రం వద్దు. తినడానికి ఏదైనా డబ్బాలో పెట్టుకెళ్లండి. బండి పెట్టుకోవడానికి కింద చోటు లేదు, ఎదురు సందులో పెడితే పోలీసులు ఎత్తుకుపోతున్నారు, ఆటోలో వెళ్లడం నయం. కార్డు మెషీన్ సగం రోజులు పనిచేయదు, ఫోన్‌పే తీసుకుంటారు.